కదంబం అడిగిన మనిషి

పోయిన వారం మనం ఆగిన చోట, వన్‌టౌన్‌లో నీళ్ల ట్యాంకు పక్క సందులోంచి పోలీసు వ్యాను వెళ్ళిపోయింది. హనుమయ్య గారి షాపులోని కంప్యూటర్లన్నీ, ఆయనతో సహా, అందులో ఎక్కించుకుపోయారు. డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ని దొంగతనంగా కాపీ చేసి వేస్తున్నారని ఒక పెద్ద కంపెనీ పెట్టిన కేసు అది. మరో నాలుగు షాపులకీ అదే గతి పట్టింది. ఒక్క సుభానీ షాపులో మాత్రం పోలీసులు మెషీన్లు ఆన్ చేసి చూసి, ఏమీ అనకుండా బయటికొచ్చేశారు. వాటిలో ఉన్నది లినక్స్. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని, పక్కవాడికి ఇచ్చుకోవచ్చని దాన్ని రాసినవాళ్ళే వదిలిపెట్టిన సాఫ్ట్‌వేర్. అది పెట్టింది సుభానీ భార్య నజీమా. ప్రతి ఆదివారం ఉర్దూ స్కూలు మేడమీద గదిలో ఫీజు లేకుండా అదే నేర్పుతుంది. వ్యాను మలుపు తిరిగేదాకా దాన్నే చూసిన సందు, ఆ తర్వాత ఒక్కసారిగా నజీమా వైపు తిరిగింది.

శనివారం సాయంత్రం హనుమయ్య గారికి బెయిలు దొరికింది. ఆదివారం పొద్దున్నే సుభానీకి కబురొచ్చింది. షాపులో అందరూ కూర్చుంటున్నారట, నువ్వూ రా, అమ్మాయిని కూడా తీసుకురా అని.

ఆ కబురు కోసమే ఎదురుచూస్తున్నట్టు నజీమా గబగబా తయారైంది. క్లాసుకి వచ్చే ఆడపిల్లలకి ఈ వారం లేదని ఫోన్లు చేసింది. ఏమడుగుతారో, దానికి ఏం చెప్పాలో మనసులో అంతా పేర్చి పెట్టుకుంది. తను ఎవరికీ ఏ చేటూ చెయ్యలేదన్న ధైర్యం ఆమెకుంది. బాధల్లా ఒక్కటే. ఇన్నాళ్ళూ చెల్లెమ్మా అంటూ నోరారా పిలిచినవాళ్ళు దాడి జరిగిన శుక్రవారం నుంచీ ఆమె ఎదురుపడితే మోగని ఫోను చెవికి పెట్టుకుంటున్నారు.

స్కూటర్ తీస్తూ సుభానీ ఒక్క మాటే అన్నాడు.

"అక్కడ నువ్వేం మాట్లాడకు. అడిగితే నేను చెప్తాను."

తప్పు చేసినవాళ్ళలా నోరు మూసుకుని ఎందుకు కూర్చోవాలని ఆమె అడిగింది. అతను కిక్ కొట్టాడు. మామూలుగా అయితే దారి పొడవునా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. ఆ రోజు భవానీపురం నుంచి వన్‌టౌన్ దాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. కోపమనుకుంది ఆమె. తన మూలంగా నలుగురిలో తలవంపులయ్యాయని కోపం.

సందులో ఆదివారపు నిశ్శబ్దం. హోల్‌సేల్ కొట్లన్నీ కట్టేసి ఉన్నాయి. తోపుడు బళ్ళు ఒకదాని మీద ఒకటి వాల్చి ఉన్నాయి. హనుమయ్య గారి షాపు షట్టర్ సగం దాకా దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళాలి. నజీమా కొంగు సర్దుకుని వంగి లోపలికి అడుగుపెట్టేసరికి, అప్పటిదాకా వినిపిస్తున్న మాటలు ఆగిపోయాయి.

ఆ షాపు ఆమెకు పుట్టింటి లాంటిది. ఎప్పుడు వచ్చినా నాలుగు మెషీన్లు విప్పి ఉండేవి, రేడియో పాడుతుండేది, కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఇప్పుడు గోడకున్న అరలన్నీ బోసిపోయి ఉన్నాయి. సీపీయూలు ఉన్నచోట వాటి మేరకు దుమ్ము లేకుండా నలుచదరపు మచ్చలు మిగిలాయి. పీకేసిన వైర్లు అరల అంచున వేలాడుతున్నాయి. సందులోని కంప్యూటర్ షాపులవాళ్ళందరూ స్టూళ్ళ మీదా, మానిటర్ల అట్టపెట్టెల మీదా కూర్చుని ఉన్నారు. మధ్యలో హనుమయ్య గారు. గడ్డం మాసింది. రెండు రోజుల్లో మనిషి సగమయ్యాడు.

ఆయన పక్కన కూర్చున్న భార్య ఛాయాదేవి గారు నజీమాని చూడగానే జరిగి చోటిచ్చింది. రామ్మా, ఇలా కూర్చో అంటూ చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. కూర్చున్నాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

హనుమయ్య గారు మొదట రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు. కంప్యూటర్లు వచ్చాక, ఆ వయసులో, వాటినీ విప్పి చూసి నేర్చుకున్నారు. తండ్రి పోయిన సుభానీని చేరదీసి పని నేర్పింది ఆయనే. పక్కనే షాపు పెట్టించిందీ ఆయనే. నజీమా ఆదివారం క్లాసు మొదలుపెడతానంటే, ఉచితంగా చెప్పే చదువుకి ఎవరొస్తారమ్మా అని నవ్వుతూనే రెండు పాత మానిటర్లు, ఒక బల్ల తోపుడు బండి మీద వేయించి పంపించారు. బండివాడి కూలీ కూడా ఆయనే ఇచ్చుకున్నారు.

మాట మొదలుపెట్టింది కృపానందం. యూపీఎస్‌లు, బ్యాటరీలు అమ్ముతాడు, షాపుల సంఘానికి సెక్రటరీ. మనసులో ఏదీ దాచుకోని మనిషి. ఇన్ని షాపులుంటే ఒక్క సుభానీ షాపు ఎలా మిగిలిందో తనకి అర్థం కావడం లేదన్నాడు. దాడికి సరిగ్గా వారం ముందు అతని మెషీన్లన్నీ లినక్స్‌కి మార్చేశారు కదా, ముందే తెలిసి మార్చారని జనం అనుకుంటున్నారు, దీనికి మీరేమంటారు అని అడిగాడు.

సుభానీ గొంతు సవరించుకున్నాడు. కానీ అతనికంటే ముందే నజీమా అందుకుంది.

పేర్చి పెట్టుకున్నదంతా తడుముకోకుండా చెప్పింది. మెషీన్లు మార్చమని పెళ్ళయిన కొత్తలోనే మొదలుపెట్టానంది. కస్టమర్లు ఒప్పుకోరని సుభానీ ఇన్నాళ్ళూ దాటవేశాడు. క్లాసులో పిల్లలు పెరిగారు, అభ్యాసం చేసుకోవడానికి చోటు చాలడం లేదు, సాయంత్రాలు షాపులో కూర్చోబెడదామని పోరితే అప్పుడు మార్చాడు. అంతే తప్ప ముందు తెలియడమేమీ లేదు. తెలిసుంటే ఈ సందులో ప్రతి గుమ్మం ఎక్కి చెప్పేదాన్ని కాదా అంది. పైగా ఇక్కడున్న ప్రతి ఒక్కరి దగ్గరికీ తను ఊరికే ఇచ్చే సీడీలు పట్టుకుని వచ్చింది. కృపానందం గారికి కూడా ఇచ్చింది. ఆయన దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకున్నారు.

ఒకరిద్దరు నవ్వారు. కృపానందం కూడా తల గోక్కున్నాడు.

హనుమయ్య గారు అప్పుడు మొదటిసారి నోరు విప్పారు. "ఆ పిల్లనేం అనకండయ్యా. నాకు ఎన్నిసార్లు చెప్పిందో. బాబాయ్ గారూ, ఇది పెట్టుకోండి, ఎవరికీ భయపడక్కర్లేదు అని. నేనే విన్లేదు. వినుంటే ఇవాళ ఈ వయసులో పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చునేవాణ్ణి కాదు."

ఆ మాటతో షాపులో బిగువు సడలింది. ఎవరో ఫ్యాను స్పీడు పెంచారు. ఛాయాదేవి గారు ఫ్లాస్కులోంచి కాఫీ పోసి గ్లాసు నజీమా చేతిలో పెట్టింది. నజీమా గుండె తేలికపడింది. చూశావా అన్నట్టు సుభానీ వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. అట్టపెట్టె మీద అంటించిన టేపుని గోటితో గీకుతూ కూర్చున్నాడు. గండం గడిచాక కూడా ఎందుకలా ఉన్నాడో ఆమెకు బోధపడలేదు.

"సరే, వీళ్ళు కాదు," అన్నాడు కృపానందం. "మరి బయటికి చెప్పినవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా. అది మీ నోటితోనే అందరికీ చెప్పండి. కొనేవాడిలా వచ్చిన ఆ కంపెనీ మనిషి ఏమని అడిగాడో."

హనుమయ్య గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం ఒకతను వచ్చాడట. సన్నగా, పద్ధతిగా ఉన్నాడు. మా పాపకి కంప్యూటర్ కొందామని వచ్చానండీ అన్నాడు. బేరం కూడా పెద్దగా ఆడలేదు. సాఫ్ట్‌వేర్ సంగతి వచ్చేసరికి హనుమయ్య గారు, కొత్త మనిషి కదా అని, అది బయట కొనుక్కోవాలండీ అనేశారు. కొత్తవాళ్ళతో ఆయన ఎప్పుడూ అలాగే అంటారు. అప్పుడు ఆ మనిషి నవ్వి, అదేంటండీ, మీ దగ్గర కదంబం ఉంటుందటగా, అది వెయ్యండి అన్నాడు.

"కదంబం అన్నాక ఇంకేం అనుమానం వస్తుంది," అన్నారు హనుమయ్య గారు. "మనవాళ్ళు పంపిన మనిషే అనుకున్నాను. ఎవరు చెప్పారు బాబూ అనడిగితే, మీవాళ్ళే చెప్పారండీ అన్నాడు. డ్రాయర్లోంచి సీడీ తీసి వాడి కళ్ళముందే వేశాను."

కదంబం అన్న పేరు పుట్టింది ఈ షాపులోనే. చాలా ఏళ్ళ కిందట హనుమయ్య గారు కస్టమర్లకి కావలసిన సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే సీడీలోకి ఎక్కిస్తున్న రోజున ఛాయాదేవి గారు ఇంటి నుంచి కూరగాయలన్నీ వేసి వండిన కదంబం క్యారియర్లో తెచ్చింది. ఇదీ కదంబమే అదీ కదంబమే అని అందరూ నవ్వుకున్నారు. పేరు నిలిచిపోయింది. సందు దాటి ఆ మాట పోలేదు. పోకూడదని ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు గాని, పోకూడదని అందరికీ తెలుసు.

"వాడి చేతికి వాచీ ఉంది," అని హనుమయ్య గారు గుర్తు చేసుకుని చెప్పారు. "అద్దం మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకున్నాడు. టైము చూడాలంటే అరచెయ్యి చూసుకున్నట్టు చూసుకుంటాడు."

నజీమా చేతిలో కాఫీ గ్లాసు తొణికింది. చూసుకో తల్లీ, కాలుతుంది అని ఛాయాదేవి గారు గ్లాసు తీసి కింద పెట్టి, మళ్ళీ ఆమె చెయ్యి అందుకుంది.

ఆ వాచీ నజీమా చూసింది. కిందటి నెలలో, ఊరి చివర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో.

స్వేచ్ఛగా వాడుకునే సాఫ్ట్‌వేర్ గురించి పిల్లలకి చెప్పమని పిలిస్తే వెళ్ళింది. అంతమంది ముందు మైకు పట్టుకోవడం అదే మొదలు. వారం రోజులు తయారుచేసుకున్న ఉపన్యాసం ఎవరూ వినలేదు. వెనక బెంచీలవాళ్ళు కబుర్లలో ఉన్నారు, ముందు వరసలో ఒక లెక్చరర్ ఆవలించాడు. అప్పుడు ఆమెకి హనుమయ్య గారు గుర్తొచ్చారు. మా సందులో ఒక పెద్దాయన దగ్గర కదంబం దొరుకుతుంది, తెలుసా మీకు అంది. గుళ్ళో పెట్టేది కాదు. ఇందులో వంకాయ ముక్క, గుమ్మడికాయ ముక్క ఉండవు, లక్షల ఖరీదు చేసే సాఫ్ట్‌వేరంతా ఉంటుంది. ఒరిజినలేనా తాతగారూ అని అడిగితే, స్వయంగా నా చేత్తో చేశానమ్మా, ఇంతకంటే ఒరిజినల్ ఏముంటుంది అంటాడు.

హాలు గొల్లుమంది. ఆ నవ్వు విన్నాక ఆమె ఆగలేదు. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి ఆయన ఎలా చూస్తాడో చూపించింది. ఆయన గొంతుతో మాట్లాడింది. ఈలలు వేశారు. ఆ తర్వాత ఆమె చెప్పిందంతా చెవులొగ్గి విన్నారు. దిగి వస్తుంటే ఒకతను, స్టూడెంటు కాదు, పద్ధతిగా ఎదురొచ్చి చాలా బాగా మాట్లాడారండీ అన్నాడు. ఆ కదంబం నిజంగానే ఉందా మేడమ్, ఎక్కడ అని అడిగాడు. చప్పట్ల మైకం ఇంకా దిగలేదు ఆమెకి. వన్‌టౌన్‌లో నీళ్ల ట్యాంకు పక్కన అందరికంటే పాత షాపు, ఎవరినడిగినా చెప్తారు, కానీ మీకు అదెందుకండీ, ఇది తీసుకోండి అని లినక్స్ సీడీ ఒకటి చేతిలో పెట్టింది. అతను థాంక్సండీ అని, అరచెయ్యి చూసుకున్నట్టు టైము చూసుకుని వెళ్ళిపోయాడు.

తీసుకెళ్ళడానికి వచ్చిన సుభానీ హాలు వెనక తలుపు దగ్గర నిలబడి ఆ ఉపన్యాసం విన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు, కదంబం సంగతి చెప్పకుండా ఉండాల్సింది అన్నాడు. పేరు చెప్పలేదుగా అని ఆమె విసుక్కుంది. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకుంది.

ఇప్పుడు తెలిసింది అతను ఎందుకు మాట్లాడకుండా వచ్చాడో. కదంబం పేరు చెప్పి అడిగారన్న సంగతి అతనికి శుక్రవారమే చేరి ఉంటుంది. అప్పటి నుంచీ అతనికి తెలుసు. తెలిసీ ఆమెకి చెప్పలేదు.

షట్టర్ కింద నుంచి మరో మనిషి వంగి లోపలికొచ్చాడు. అబ్రహాము.

హనుమయ్య గారి దగ్గర ఏళ్ళ తరబడి మెకానిక్‌గా చేసిన మనిషి. దసరా ముందు జీతం దగ్గర మాటా మాటా వచ్చి మానేశాడు. ఇప్పుడు కంపెనీ కంప్యూటర్లు అమ్మే ఒక షోరూములో సర్వీసు పనిలో ఉన్నాడు. అతని భార్య మార్త నజీమా క్లాసుకి వస్తుంది. కీబోర్డు చూడకుండా తెలుగు టైపు చెయ్యడం మొదట పట్టుబడింది ఆమెకే. ప్రెస్సులో పని చూసుకోవచ్చని గంపెడాశతో ఉంది.

కూర్చోమని అబ్రహాముని ఎవరూ అనలేదు. కృపానందం సూటిగానే అడిగాడు. కదంబం పేరు తెలిసి, ఈ సందు వదిలిపోయినవాడివి నువ్వొక్కడివే. పైగా పోయి చేరింది అవతలి కంపెనీ సరుకు అమ్మే చోట. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్లేదు. నువ్వు చెప్పావా లేదా?

"ఆ పేరు నాకు తెల్సండి, తెలీదనను," అన్నాడు అబ్రహాము. "కానీ నేను చెప్పలేదండి. గురువు గారితో గొడవపడ్డాను గాని, ఆయన అన్నం తిన్నాను."

అలాగే అంటావులే అన్నారెవరో. అబ్రహాము ఒక్కొక్కరి మొహమూ చూశాడు. ఎవరూ అతని కళ్ళలోకి చూడలేదు.

అసలు సంగతి అప్పుడు బయటికొచ్చింది. హనుమయ్య గారి తరఫు లాయరు ఒక దారి చెప్పాడట. ఆ సీడీ తయారుచేసింది పాత మెకానిక్ అనీ, తనకి కంప్యూటర్ చదువు లేదనీ, అందులో ఏముందో తెలియకుండానే అమ్మాననీ హనుమయ్య గారు చెబితే ఈ వయసు మనిషి మీద కేసు నిలబడదట. సీడీలు కొట్టే పని అబ్రహాము చేసేవాడని చెప్పడానికి సందులో సాక్షులు దొరుకుతారు. అది నిజమే కూడా. యజమాని చెయ్యమంటే చేశాడు. కోర్టులో ఆ సగం ఎవరూ అడగరు. ఇక పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది అబ్రహాము ఇంటికే.

కృపానందం ఇదంతా చెప్పి, మీరు ఊఁ అనండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు హనుమయ్య గారితో. నలుగురైదుగురు తలలాడించారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ మెషీన్లూ పోలీస్ స్టేషన్లో ఉన్నాయి. వాటిలో కస్టమర్ల లెక్కలున్నాయి, పిల్లల ప్రాజెక్టులున్నాయి. ఈ కేసు ఎవరో ఒకరి మీదకి పోతే తప్ప ఆ షట్టర్లు లేవవు.

హనుమయ్య గారు అబ్రహాము వైపు చూశారు.

"వీడు నాకు ద్రోహం చేసుంటే చెప్తాను," అన్నారు. "వాడు నన్ను పట్టించాడు, నేను వాణ్ణి పట్టిస్తాను. చెల్లుకు చెల్లు. కానీ చెయ్యకపోతే మాత్రం నా చేత అబద్ధం చెప్పించకండి. జైలుకైనా పోతాను."

ఛాయాదేవి గారి వేళ్ళు నజీమా చేతి మీద బిగుసుకున్నాయి. ఆవిడ లోలోపల ఏమని మొక్కుకుంటోందో నజీమాకి తెలుస్తూనే ఉంది. అబ్రహామే అయ్యుండాలి. అబ్రహామే అయితే మా ఆయన బయటపడతాడు.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా అయింది నజీమా పని. నోరు విప్పితే అబ్రహాము బతుకుతాడు, తనని కూతురిలా చూసుకున్న మనిషి తప్పించుకునే దారి మూసుకుపోతుంది. విప్పకపోతే పిన్ని గారి మొక్కు తీరుతుంది, మార్త మొగుడు చెయ్యని ద్రోహానికి కోర్టు మెట్లెక్కుతాడు. ఆపైన సుభానీ. తండ్రి లాంటి మనిషిని భార్య నడివీధిలో నవ్వులపాలు చేసి, చిరునామా కూడా చెప్పి పంపిందని తెలిస్తే, అతను ఈ సందులో ఏ మొహం పెట్టుకుని షట్టర్ ఎత్తుతాడు? ఆదివారం క్లాసు సరేసరి. కంపెనీ గూఢచారులని పేరొస్తే, పిల్లల్ని ఏ తల్లీ మేడ మెట్లెక్కనివ్వదు. ఎవరికీ బానిస కాని సాఫ్ట్‌వేర్ అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగిన మనిషికి లేచి నాలుగడుగులు వేసి బయటికి పోయే దారి లేదు. షట్టర్ అక్కడే ఉంది. దాని కింద నుంచి వీధిలో ఎండ కనబడుతూనే ఉంది.

ఆమె సుభానీ వైపు చూసింది. ఈసారి అతనూ చూశాడు. వద్దు అన్నాయి అతని కళ్ళు.

అబ్రహాము తన పాత యజమాని దగ్గరికి వెళ్ళబోయి, మధ్యలో ఆగి, నజీమా వైపు తిరిగాడు. అంతమందిలో అతనికి దయగా కనబడిన మొహం అదొక్కటే కాబోలు.

"మేడం గారూ, మా ఇంటిదాన్ని మీరు ప్రతి వారం చూస్తున్నారు. మా సంగతి మీకు తెల్సు. మీరైనా చెప్పండమ్మా."

"అబ్రహాము కాదు," అంది నజీమా.

స్పష్టంగానే వచ్చింది మాట. షాపులో ప్రతి ఒక్కరికీ వినిపించింది.

కృపానందం ఆమె వైపు తిరిగాడు. కోపంగా కాదు, మర్యాదగానే అడిగాడు. "అతను కాదని మీకెలా తెలుసండీ?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. చెప్పకుండా ఉండలేక ఒక్క మాట అనేసింది గాని, ఆ మాట వెనక ఏముందో అడుగుతారని తోచలేదు. ఎవరు చెప్పారో తెలిసినవాళ్ళకి తప్ప, ఎవరు చెప్పలేదో తెలిసే వీలు లేదు. అది కృపానందానికి తెలుసు. అందరికీ తెలుసు. నజీమా పెదవులు కదిలాయి.

అట్టపెట్టె కిర్రుమంది. సుభానీ లేచి నిలబడ్డాడు.

"నేను చెప్పానండి," అన్నాడు.

ఛాయాదేవి గారు ఉలిక్కిపడి నజీమా చెయ్యి వదిలేసింది. సుభానీ ఎవరి వైపూ చూడలేదు. ఖాళీ అరల వైపు చూస్తూ, అప్పజెబుతున్నట్టు చెప్పుకుపోయాడు. టీ కొట్టు దగ్గర ఎవరో మాటల్లో పెట్టారు, తను నవ్వులాటకి కదంబం సంగతి అనేశాడు, ఎవరో ఏమిటో అడగలేదు, ఇంత దూరం వస్తుందనుకోలేదు, అబ్రహాముకి ఇందులో ఏ సంబంధమూ లేదు.

అబ్రహాము గోడకి ఆనుకుని, మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

నజీమా సుభానీ వైపు తిరిగింది. అతను తలుపు తీస్తున్నానని అనుకుని ఉంటాడు. కానీ మరొక తలుపు మూసేశాడు. ఇప్పుడు తను నిజం చెబితే అతను అబద్ధాలకోరు. చెప్పకపోతే పెంచినవాణ్ణి పట్టించిన ద్రోహి. ఈ రెంటిలో ఏదో ఒక పేరు అతనికి తన చేత్తోనే పెట్టాలి.

"ఎవరితో అన్నావు?" అని అడిగారు హనుమయ్య గారు.

"తెలీదండి. కొత్త మనిషి."

"ఏ టీ కొట్టు?"

సుభానీ ఒక్క క్షణం తడబడ్డాడు. "మన... సందు చివరదండి."

"ఎప్పుడు?"

సుభానీ మళ్ళీ ఖాళీ అరల వైపు తిరిగాడు.

హనుమయ్య గారు ఒళ్ళో ఉన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. సుభానీని పైనుంచి కింది దాకా చూశారు. ఆ చూపులో కోపం లేదు. చెడిపోయిన మెషీను ముందు కూర్చున్నప్పుడు, ఎక్కడ తెగిందో వెతికేటప్పుడు ఉండే చూపు అది.

"పన్నెండేళ్ళ పిల్లాడప్పుడు నా దగ్గరికొచ్చావు," అన్నారు నెమ్మదిగా. "అబద్ధం చెప్పడం తప్ప మిగతా పనులన్నీ నేర్చుకున్నావురా నువ్వు."

తర్వాత ఆయన అతన్ని వదిలేసి, భార్య పక్కన కూర్చున్న మనిషి వైపు తిరిగారు.

"అమ్మాయ్. వీడు ఎవరి మాట మీదేసుకుంటున్నాడు?"

నజీమా లేచి నిలబడింది. సుభానీ వద్దని తల అడ్డంగా ఊపాడు.

హనుమయ్య గారు అది కూడా చూశారు.